పిల్లల నిత్యహాజరు - గ్రామధర్మము

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదివిన ఉపన్యాసము)



అడవి అంచున నున్న ఒక గ్రామములో గ్రంథాలయము ఇరువదియైదేండ్లు నిలుచుట సామాన్య విషయము కాదు. వానకు తడియకుండ, చెదలు పట్టకుండ, తీసికొనిపోయిన పుస్తకము తిరిగి రాకుండ పోకుండ కాపాడినవారి శ్రమ ఇందులో నున్నది. ఇట్టి పండుగనాడు సంతోషించుట ఉచితమే. అయితే సంతోషముతోపాటు ఒక లెక్కయు చూచుకొనవలసియున్నది. రాబోవు ఇరువదియైదేండ్లలో ఈ పుస్తకములను చదువువారెవరు? నేడు బడిలో కూర్చుండు బాలబాలికలే. ఈనాడు బడిలో ఖాళీగా నున్న చోటు రేపు గ్రంథాలయములో ఖాళీ యగును. కావున పిల్లల హాజరు ఉపాధ్యాయునికి మాత్రమే సంబంధించిన వ్యవహారము కాదు. గ్రంథాలయమునకును, గ్రామమునకును సంబంధించినది.

బడికిని పుస్తకమునకును గల ఈ సంబంధమును నూరేండ్లకు పూర్వమే గుర్తించిన ప్రభువు బరోడా సంస్థానాధీశుడగు మూడవ శాయాజీరావు గైక్వాడు. ఆయన 1893లో అమ్రేలీ ప్రాంతమున నిర్బంధ ప్రాథమిక విద్యను పరీక్షార్థము ప్రవేశపెట్టి, 1906లో సంస్థానమంతటికిని వ్యాపింపజేసెను. బడిలో నేర్చిన అక్షరము వాడుక లేక మరుగుపడరాదని 1910లో గ్రంథాలయములకై ప్రత్యేకశాఖను నెలకొల్పెను. మొదట బడి, పిమ్మట గ్రంథాలయము. ఈ రెండును ఒకే బండికి పూన్చిన ఎడ్లని ఆయన యెరిగెను.

నిత్యము పాఠమునకు వచ్చుట యను ధర్మము క్రొత్తగా పుట్టినది కాదు. బలరామకృష్ణులు అవంతీపురమున సాందీపని కడ 64 దినములలో 64 విద్యలు నేర్చిరని భాగవతము దశమస్కంధము చెప్పుచున్నది. దీనిని భగవన్మహిమగా విని చేతులు జోడించుట ఒక పద్ధతి. లెక్కగా చూచినచో మరియొక సంగతి కనబడును. దినమునకొక విద్య చొప్పున నేర్చువానికి ఒక దినము తప్పినచో ఒక విద్య తప్పును. ఆ యన్నదమ్ములు రాజకార్యమనియో, బంధువుల యింట పెండ్లియనియో ఒక్కనాడైనను మానిన యెడల 64 సంఖ్య పూర్తి కానేరదు.

ఆ స్కంధములోనే కుచేలోపాఖ్యానమున మరియొక ఘట్టము కలదు. గురుపత్ని యాజ్ఞపై కృష్ణకుచేలులు కట్టెలకై అడవికేగిరి. గాలివాన పట్టెను, ప్రొద్దు గ్రుంకెను, పల్లమేదో మిట్టయేదో తెలియక ఇద్దరును చేతులు పట్టుకొని రాత్రియంతయు అడవిలో గడపిరి. తెల్లవారగనే సాందీపని తానే శిష్యులను వెదకుచు అడవికి వచ్చెను. ఈ కథను చెప్పువారు సాధారణముగా స్నేహధర్మమునే వర్ణింతురు. అందు గురుధర్మమును కలదు. శిష్యుడు రాకున్న పేరునకెదురుగా గుర్తు పెట్టి ఊరకుండుట చాలదు. ఎందుచేత రాలేదో విచారింపవలయును. అవసరమైనచో వెదకుచు పోవలయును. అడవియు, వాగులును, వానలును గల ఈ సీమకు ఆ కథ మిక్కిలి దగ్గరగా నున్నది.

ఇక ఏకలవ్యుని సంగతి. నిషాదరాజగు హిరణ్యధన్వుని కుమారుడతడు. ద్రోణుడు శిష్యునిగా చేర్చుకొనలేదు. అంతట అడవిలో మట్టిబొమ్మను గురువుగా నిలిపి, దినదినాభ్యాసముచే అర్జునుడే చింతపడునంతటి విలుకాడయ్యెను. తుదకు బొటనవ్రేలును కోల్పోయెను. అడవిబిడ్డకు ఆనాడు గురుకులపు తలుపు మూయబడినది. నేడు గిరిజన బాలబాలికలకై కేంద్రప్రభుత్వము నెలకొల్పిన ఆదర్శ గురుకులములకు ఆ ఏకలవ్యుని పేరే పెట్టబడినది. చట్టము ఏ బిడ్డకును తలుపు మూయరాదని శాసించుచున్నది. తలుపు తెరచియుండగా బిడ్డ లోపల లేకపోవుటయే ఇప్పటి దుఃఖము.

ఆ చట్టము వచ్చుటకు చాల కాలము పట్టినది. ప్రాథమిక విద్యను నిర్బంధము చేయుటకై గోపాలకృష్ణ గోఖలే 1911లో శాసనసభ యెదుట బిల్లు నుంచెను. 1912లో అది త్రోసివేయబడెను. 1950లో అమలులోనికి వచ్చిన రాజ్యాంగపు 45వ అధికరణము పదేండ్లలో 14 సంవత్సరముల లోపు పిల్లలందరికి ఉచిత నిర్బంధ విద్య నొసగ యత్నింపవలెనని చెప్పెను. గడువు గడచిపోయెను. 2002లో 86వ సవరణచే విద్య ప్రాథమిక హక్కు అయ్యెను. 2009లో విద్యాహక్కు చట్టము పుట్టి, 2010 ఏప్రిల్ 1వ తేదీనుండి అమలులోనికి వచ్చెను. గోఖలే నాటినుండి లెక్కించిన దాదాపు నూరేండ్లు. నూరేండ్లు పోరాడి సంపాదించిన హక్కును చిన్న చిన్న పనులకై దినమునకు కొంతగా జారవిడుచుట న్యాయమా?

ఈ జారవిడుచుట యెంతయో అంకెలలో చూతము. ఐదవ తరగతి వరకు ఏటికి తక్కువలో తక్కువ 200 పనిదినములు, 800 బోధనగంటలు ఉండవలెనని చట్టము. అనగా దినమునకు 4 గంటల బోధన. వారమునకు ఆరు పనిదినముల చొప్పున 200 దినములు 33 వారములగును. వారపు సంతనాడు మాత్రమే మాను బిడ్డకు ఏటికి 33 దినములు, ఐదేండ్లకు 165 దినములు పోవును. "వారమునకు ఒక్కనాడే గదా!" యని తల్లి యనును. ఐదవ తరగతి ముగియునాటికి ఆ బిడ్డ నిజముగా బడిలో నున్నది నాలుగేండ్లకు కొంచెము పైన మాత్రమే.

ఆలస్యమునకును ఇట్టి లెక్కయే. దినమునకు పావుగంట ఆలస్యముగా వచ్చు బిడ్డకు 200 దినములలో 50 గంటలు పోవును. దినమునకు 4 గంటల లెక్కన అది పన్నెండున్నర దినముల చదువు. ఐదేండ్లకు 62 దినములు దాటును. సంతనాడు మానుటయు, మిగిలిన దినములలో ఆలస్యమును, రెండలవాట్లును గల బిడ్డకు ఒక యేటి చదువునకు మించియే నష్టము. ఆ నష్టము ఏ చిట్టాలోను కనబడదు. బిడ్డ పేరు బడిలో నున్నది, తరగతి మారుచున్నది, చదువు మాత్రము రాలేదు. అప్పుడు లోకము "వీడు మందమతి" యనును. మతి మందము కాదు. జమలో తరుగు పడినది.

వేళ పాటించుట ఈ ప్రాంతమువారికి తెలియని విద్య కాదు. శ్రీరామనవమినాడు భద్రాద్రిలో సీతారామకల్యాణము మధ్యాహ్నము అభిజిల్లగ్నమున జరుగును. ఎంత దూరమునుండి వచ్చినవారైనను ఆ ముహూర్తమునకు ముందే చేరుదురు. పావుగంట ఆలస్యమైన ఏమనువారు లేరు. విత్తనము చల్లుటకు కార్తె తప్పినచో ఏమగునో రైతునకు చెప్పనక్కరలేదు. బడిలో మొదటిగంటయు అట్టి ముహూర్తమే. క్రొత్తపాఠము, క్రొత్తలెక్క తరచుగా అప్పుడే ఆరంభింపబడును. నడుమ వచ్చిన బిడ్డ లెక్క తుదిని చూచును గాని మొదలు చూడడు.

చదువులో ఒక మెట్టుపై మరియొక మెట్టు కట్టబడును. గుణింతములు రానిదే మాటలు రావు; వత్తులు రానిదే వాక్యము సాగదు. అప్పు తెచ్చి తీసివేయుట నేర్చిన వారము రానివానికి భాగహారము ఎన్నటికిని అంధకారమే. పెద్దవారి పనిలో ఒకదినము పోయినచో ఒకదినపు కూలి పోవును. మరునాడు కూలి మరల యథాప్రకారమే. బిడ్డ చదువులో ఒకదినము పోయినచో మరునాటి పాఠమును కొంత పోవును. రెండు మూడు వారములు గడచిన పిమ్మట బిడ్డకు పలకను చూచినను, పంతులును చూచినను భయము కలుగును. నిండ మునిగినవానికి చలి యేమన్నట్లు, తుదకు రాకుండుటయే సుఖమని తోచును. బడి మానుట ఒక్కనాడు జరుగదు. ఇట్లు మెల్లమెల్లగా జరుగును.

1929లో హార్టాగ్ సంఘము ఈ వ్యాధినే ప్రాథమిక విద్యలోని ప్రధాన వ్యర్థతగా ఎత్తిచూపెను. 1922-23లో మొదటి తరగతిలో నున్న ప్రతి నూర్గురిలో 1925-26 నాటికి నాలుగవ తరగతి చేరినవారు 18 మంది మాత్రమే యని ఆ సంఘము లెక్కించెను. అది నాటి బ్రిటిషు ఇండియా మాట. నేడు చేరువారు పెరిగిరి, నిలుచువారును పెరిగిరి. ఐనను అడవి గూడెములలో ఆ జబ్బు ఇంకను పూర్తిగా మానలేదు.

కోయబిడ్డకు మరియొక బరువు కలదు. ఇంటిలో కోయభాష, బడిలో తెలుగు. ఆరేండ్ల పసివాడు పాఠమును నేర్చుటకు ముందు పాఠము చెప్పు భాషను నేర్వవలయును. ఆ భాష చెవిన పడునది బడిలోనే. తెలుగు మాట్లాడు ఇంటిబిడ్డ పదిదినములు మానినను భాషను మరువడు. కోయబిడ్డ పదిదినములు మానినచో భాషయు వెనుకబడును. ఛత్తీస్‌గఢ్ నుండి సరిహద్దు దాటివచ్చి అడవిలో గుడిసెలు వేసికొన్నవారి పిల్లలకు ఈ కష్టము ఇంకను ఎక్కువ. దీనికి మందు లేకపోలేదు. హైమెండార్ఫ్ పండితుడు నిజాము ప్రభుత్వపు కాలమున, 1943లో, ఆదిలాబాదు జిల్లా మార్లవాయిలో గోండులనే ఉపాధ్యాయులుగా తయారుచేయు కేంద్రమును ఆరంభించెను. తమ మాట తెలిసిన పంతులు తమవాడే యని పిల్లలు బడికి దగ్గరైరి. తరువాత 2004 ప్రాంతమున ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము కోయతో సహా 8 గిరిజన భాషలలో చిన్న తరగతుల పుస్తకములను ప్రవేశపెట్టెను. పంతులు నాలుగు కోయమాటలు నేర్చిననాడు హాజరు తానే పెరుగును.

పిల్లలెందుకు మానుదురు? తల్లిదండ్రులను నిందించుట సులభము. కారణములను చూచుట మేలు. ఈ సీమలో ప్రతి ఋతువును బడినుండి బిడ్డను ఒకవైపు లాగుచున్నది.

జూన్ మాసమున బడులు తెరచుకాలమే తొలకరి కాలము. గూడెములలో భూమిపండుగ, విత్తనములు, దుక్కులు. మొదటివారమున రాని బిడ్డ రెండవవారమునకు "పిదప చూతములే" యనును.

జూలై ఆగస్టులలో వానలు. కిన్నెరసాని, తాలిపేరు మొదలుకొని పేరులేని వాగుల వరకు పొంగును. గోదావరి భద్రాచలము వద్ద 53 అడుగులు చేరిన మూడవ ప్రమాద హెచ్చరిక. 1986 ఆగస్టులో 75.6 అడుగులు, 2022 జూలైలో 71.3 అడుగులు వచ్చినది. అట్టి వేళ బడులే వరదబాధితులకు తలదాచుకొను చోట్లగును. వానలతో చలిజ్వరములును వచ్చును. పొంగిన వాగును దాటి బడికి రమ్మని ఎవ్వరును చెప్పరాదు. హాజరుకన్న ప్రాణము మిన్న. కాని వాగు తీసిన మరునాడే బిడ్డ బడిలో నుండవలయును. వాగు మూడుదినములు ఆపినచో ఇల్లు పదిదినములు ఆపుట కలదు, అచ్చటనే నష్టము.

కార్తికము మొదలుకొని పత్తి యేరుడు. ఆ వెనుక మిరపకోతలు. కూలికి పోవు తల్లి పసిబిడ్డను పెద్దకూతురి చేతిలో పెట్టును. ఆ పెద్దకూతురి వయస్సు తొమ్మిదేండ్లు. తమ్ముని చంకనెత్తుకొని ఆమె పొలము గట్టున కూర్చుండును. గ్రామములో అంగన్‌వాడీ ఉన్నది. ఈ పథకము 1975లో ఆరంభమైనది. పసివాడు అచ్చటికి పోయినచో అక్క బడికి పోగలదు. ఆడపిల్ల చదువు నిలుచుట తరచుగా ఈ ఒక్క యేర్పాటుపై ఆధారపడియున్నది.

మార్చిలో ఇప్పపువ్వు. రాత్రివేళ రాలిన పువ్వును ఎండ యెక్కకముందే ఏరవలయును. అప్పుడే ఒంటిపూట బడులు ఆరంభమై ఉదయము ఎనిమిది గంటలకే గంట కొట్టుదురు. చెట్టుక్రింద పువ్వును బడిలో పాఠమును ఒకే గడియలో పిలుచును; ముందున్నవి సంవత్సర పరీక్షలు. ఇప్పపువ్వు ఆదివాసి యింటికి తిండియు, రూకయు; దానిని విడువుమనుట అన్యాయము. చీకటి విడుచువేళకే పెద్దవారు చెట్టు చేరి, గంటకు ముందు పిల్లలను పంపివేయుట సాధ్యమే. తునికాకు కోత ఎక్కువగా వేసవి సెలవులలో పడును గనుక బడికి అంత అడ్డు కాదు.

ఆ తునికాకు కల్లమును చూచినవారికి చదువు విలువ వేరుగా చెప్పనక్కరలేదు. 50 ఆకులకు ఒక కట్ట. కట్టలు పరచి లెక్కింతురు. కార్డుపై అంకె వేయుదురు. ధర నూరు కట్టలకు ఇంతయని యుండును. ఎండలో ఆకు కోసి, రాత్రియంత కట్టలు కట్టిన మనుష్యుడు కార్డుపై ఏమి వ్రాయబడెనో చదువలేక బొటనవ్రేలి ముద్ర వేయును. ఏకలవ్యుని వ్రేలు ఒకసారి పోయినది. ఇతని వ్రేలు ప్రతి కాగితముపైనను పోవుచున్నది. ఇంటిలో నాలుగవ తరగతి చక్కగా చదివిన బిడ్డ ఒక్కతె యున్న చాలును, ఆ లెక్క తప్పదు. విత్తనముల అప్పు, ఎరువుల చీటి, పత్తి తూకము, 2006 అటవీహక్కుల చట్టము క్రింద వచ్చు పట్టా, గిరిజన భూములను కాపాడు 1970 నాటి ఒకటవ నిబంధన - ఇవన్నియు అక్షరము చదువగలవారినే కాపాడును. ఒకదినపు కూలికై బడి మాన్పించిన యింటివారు ఆ కూలికి ఎన్నోరెట్లు చదువలేని కాగితములపై చెల్లించుచున్నారు. ఈ యొక్క లెక్క బోధపడిననాడు నిర్బంధముతో పనిలేదు.

ఎడతెగని గైరుహాజరు ఏమి చేయునో ఇటీవలనే లోకమంతయు చూచినది. కరోనా మహమ్మారిచే 2020 మార్చిలో మూతపడిన బడులు తెలంగాణములో చిన్నతరగతులకు 2021 సెప్టెంబరులో గాని తెరువబడలేదు. పట్టణపు పిల్లలకు ఫోనులోనో టీవీలోనో పాఠము వినబడెను. సంకేతములందని గూడెములలో అదియు లేదు. చదువుట నేర్చిన పిల్లలనేకులు తిరిగి వచ్చునప్పటికి అక్షరములను మరచియుండిరి. అది ఎవరి తప్పిదమును కాదు. కాని ఏ మహమ్మారియు లేకయే, సంతకును చుట్టపుచూపునకును బిడ్డను నిలుపుట చేతులార తెచ్చుకొన్న మూత.

కావున గ్రామము చేయదగిన పనులు కొన్ని కలవు. వీనికి ధనము అక్కరలేదు, పట్టుదల కావలయును.

మొదటిది, బడి తెరచిన మొదటిదినమున పిల్లలందరు రావలయును. పండుగ, విత్తనములు ముందుగా తెలిసినవే. ఇంటి పనిని దానికి సరిచేసికొనవచ్చును. రెండవది, ప్రతి గూడెమునకు చదువుకొన్న యువకుడో యువతియో ఒకరు బాధ్యత వహింపవలయును. వాగు పొంగిన దినములలో పిల్లలను ఒకచోట చేర్చి పాఠము చదివింపవలయును. నీరు తీయగనే వెంటబెట్టుకొని బడికి తేవలయును. మూడవది, మూడుదినములు వరుసగా రాని బిడ్డ యింటికి ఉపాధ్యాయుడును, బడి యాజమాన్య కమిటీ సభ్యుడొకడును పోయి అడుగవలయును. ఆ కమిటీలో నాలుగింట మూడుపాళ్ళు తల్లిదండ్రులే యుండవలెనని చట్టము; ఆ స్థానము సంతకమునకు మాత్రమే కాదు.

నాలుగవది ఉపాధ్యాయులకు మనవి. గంటకు పంతులు రానిచో పిల్లవాడేల వచ్చును? ఒకే ఉపాధ్యాయుడున్న బడిలో ఆయన రాకున్న బడియే లేదు. ఆలస్యముగా వచ్చిన బిడ్డను కొట్టరాదు, చట్టమును అది నిషేధించినది. వెనుకకు పంపనురాదు, పావుగంట నష్టమునకు దినమంతయు నష్టము శిక్షగా విధించుట లెక్కకు నిలువదు. లోనికి పిలిచి, పోయిన పావుగంట పాఠమును ప్రక్కబిడ్డచే చెప్పించుట మేలు. మధ్యాహ్న భోజనము బడిలో దొరకుచుండుట పేదబిడ్డకు ఆలంబనము. 2001లో సుప్రీంకోర్టు ఉత్తర్వు వెలువడిన పిమ్మట ఆంధ్రప్రదేశ్‌లో 2003నుండి వండిన అన్నము పెట్టుచున్నారు. అన్నము వేళకు వచ్చు బిడ్డ పాఠము వేళకును రావలెనన్న అచ్చట ప్రేమయు దొరకవలయును.

ఐదవది గ్రంథాలయపు పని. సాయంకాలము దీపము వెలుగు గదిలో ఒక మూల పిల్లలకు కేటాయింపవలయును. ఆ దినము బడికి రాలేనివారు వచ్చినవారి పుస్తకమును చూచి పాఠమును ఎత్తివ్రాసికొనుటకు అచ్చట వీలుండవలయును. చందాదారులలో వంతునకొకరు గంటసేపు కూర్చున్న చాలును. పెద్దలకు వార్తాపత్రిక చదువు వేళయు, పిల్లలకు పాఠము దిద్దుకొను వేళయు ఒకటే యగును. బొమ్మల పుస్తకము చేత పట్టిన బిడ్డకు బడి వెరపు తగ్గును. ఇట్లు చేసిన గ్రంథాలయము తన రేపటి చదువరులను తానే పెంచుకొన్నదగును.

ఈ రజతోత్సవము జ్ఞాపకార్థము ఒక నిర్ణయము చాలును. వచ్చు సంవత్సరము బడి హాజరు లెక్కను నెలకొకసారి గ్రంథాలయపు గోడపై వ్రాయవలయును. పేర్లు వలదు, ఎవ్వరికిని అవమానము వలదు. గూడెము వారీగా ఎందరు రావలసియుండిరి, ఎందరు వచ్చిరి, అంతే. పంట లెక్క, వాన లెక్క, గోదావరి నీటిమట్టము అందరును అడిగి తెలిసికొందురు. బడికి ఎందరు పిల్లలు పోయిరో అడిగి తెలిసికొను అలవాటును గ్రామమునకు కావలయును. ఆ అంకె నెలనెలకు పెరుగుచుండిన యెడల, స్వర్ణోత్సవము నాటికి ఈ ముంగిట చదువరులకు చోటు చాలదు.

 రేపు గంట కొట్టకముందే బడి చేరనున్న పిల్లలకు ఆశీస్సులు.